తాళాలు మన దగ్గరే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారాలు కూడా ఏఐని వాడుకోవాలని పత్రికల్లో తరచూ చదువుతున్నాను. వాడుకోవాలి, కాదనను, నేనూ వాడుతున్నాను. అయితే మాలాంటి వాళ్ళు ఆ పని సొంతంగా చేసుకోలేరు, ఎవరో ఒక కన్సల్టెంట్‌ని పిలుచుకుంటారు, ఆ పిలుచుకునే చోటే దెబ్బ తగులుతుంది. దాని గురించి రాసినవాళ్ళు నాకు కనిపించలేదు. నాకు తగిలింది కాబట్టి నేనే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, కత్తిరించకుండా వేయమని మనవి.

మాది యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే చిన్న సంస్థ, మొత్తం 11 మందిమి. కస్టమర్లలో ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెడతారు, ఒకరు మెయిల్ రాస్తారు, ఇంకొకరు వాయిస్ మెసేజ్ వదిలేస్తారు. అది ఏ పార్టో గుర్తుపట్టాలి, స్టాక్ చూడాలి, రేటు చెప్పాలి, ఆర్డర్ రాసుకోవాలి, బిల్లు పంపాలి. రోజంతా ఇదే. సాయంత్రానికి కొన్ని మెసేజ్‌లు ఎవరూ చూడకుండానే మిగిలిపోయేవి, వాళ్ళు వేరేచోట కొనుక్కునేవారు. ఆ టెన్షన్ పడలేకే ఏఐ ఆటోమేషన్ చేసిపెడతానన్న ఒకతన్ని పెట్టుకున్నాం.

అతను చూపించిన డెమో ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మెసేజ్ వచ్చింది, పార్ట్ నంబర్ దానంతటదే షీట్‌లోకి ఎక్కింది, కొటేషన్ తయారైపోయింది, అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టలేదు. అక్కడే సరే అనేశాను. కానీ ఆ డెమోలోని మెసేజ్ అతను రాసుకున్నది. పార్ట్ నంబర్, ఎన్ని కావాలి, ఎక్కడికి పంపాలి, అన్నీ వరసగా ఉన్నాయి. మా కస్టమర్లు అలా రాయరు. “పోయినసారి ఇచ్చిందే, కాకపోతే కొంచెం పెద్ద సైజు” అని రాస్తారు. మసిపట్టిన ముక్కని ఫొటో తీసి “ఇవి రెండు” అంటారు, అంతే. మా లెక్కలు చూసే ఆవిడకి ఆ మాత్రం చాలు. అడిగింది ఎవరు, వాళ్ళ దగ్గర ఏ యంత్రం ఉంది, పోయినసారి ఏం తీసుకున్నారు, ఎవరికి అప్పు ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, అన్నీ ఆవిడకి తెలుసు. ఇదంతా ఎక్కడా రాసి లేదు, ఆవిడ తలలోనే ఉంది. కన్సల్టెంట్ ఆవిడ దగ్గర ఒక్క పూట కూడా కూర్చోలేదు. కూర్చోమని నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాది.

మొదటి నెల బాగా నడుస్తోందనే అనుకున్నాం. తర్వాత తప్పు పార్టులు వెళ్ళడం మొదలైంది. సగం చెరిగిపోయిన నంబర్ ఉన్న ఫొటో వస్తే ఏఐ మిగతా అంకెలు తనే పూరించేసింది. ఆ నంబర్‌తో మా స్టాక్‌లో నిజంగానే ఒక పార్టు ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఏఐని నడిపించే ప్రోగ్రాములని మోడళ్ళు అంటారు, అవి పనిచేసే తీరే అది అని తర్వాత తెలుసుకున్నాను. ముందు ఉన్నదాన్ని బట్టి తర్వాత ఏది వచ్చే అవకాశం ఎక్కువో దాన్నే రాసుకుంటూ పోతాయి. అర్థం కానిచోట ఆగిపోయి ‘ఇది నాకు తెలియదు’ అనాలంటే అలా అనేలా ముందే ఏర్పాటు చేయాలి, అలా ఆగిన మెసేజ్ ఏ మనిషి ముందుకు వెళ్ళాలో కూడా చెప్పిపెట్టాలి. అప్పటికీ కొన్ని జారిపోతాయి. మాకు చేసిపెట్టిన దాంట్లో అసలు ఆగే దారే లేదు.

అయినా అది చిన్న దెబ్బే. ఒక శుక్రవారం మధ్యాహ్నం నుంచి షీట్‌లోకి కొత్త ఆర్డర్ ఒక్కటీ రాలేదు. వారాంతం కదా, బేరాలు తగ్గి ఉంటాయిలే అనుకున్నాం. మంగళవారం ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి “నాలుగు రోజులుగా మెసేజ్‌లు పెడుతున్నాను, పలకరేంటండీ, మానేశారా?” అని అడిగాడు. మా కన్సల్టెంట్ మా నంబర్‌ని మామూలు వాట్సాప్‌లోంచి తీసి ఏపీఐకి, అంటే మెసేజ్‌లు నేరుగా సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళే దారికి, మార్చాడు కాబట్టి ఆ మెసేజ్‌లు మా ఎవరి ఫోన్‌లోనూ కనబడలేదు. తవ్వి చూస్తే, ఆటోమేషన్ నడిచే సర్వీసుకి డబ్బు కట్టే కార్డు గడువు అయిపోయి మొత్తం ఆగిపోయింది. ఆ కార్డు కన్సల్టెంట్‌ది. అకౌంట్ అతని మెయిల్ మీద ఉంది. ఏఐ మోడల్‌ని వాడుకునే కీ, అంటే పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్, కూడా అతనిదే. ఆగిపోతోందని హెచ్చరిస్తూ మెయిళ్ళు వచ్చాయట, అవీ అతనికే వెళ్ళాయి, అతను అప్పటికి వేరే ఉద్యోగంలో చేరిపోయి ఆ మెయిల్ చూడటమే మానేశాడు.

అతను మోసగాడు కాదు. ఫోన్ ఎత్తాడు, రెండు రోజుల్లో మళ్ళీ నడిచేలా చేశాడు. అన్నీ మా పేరు మీదకి మార్చిపెట్టమంటే మాత్రం, ఆ అకౌంట్‌లోనే ఇంకా ముగ్గురి పనులు కలిసి ఉన్నాయని, విడదీయడం కష్టమని అన్నాడు. అంటే మా కస్టమర్ల ఫోన్ నంబర్లు, మేము ఎవరికి ఏ రేటు ఇస్తామో ఆ వివరాలు, ఇన్నాళ్ళూ ఎవరో తెలియని మరో మూడు వ్యాపారాలతో పాటు ఒకే చోట ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇల్లు కట్టిన మేస్త్రీ తాళం చెవులు జేబులో వేసుకుని వెళ్ళిపోతే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం ఊరుకుంటున్నాం, ఎందుకంటే ఆ తాళాలు కంటికి కనబడవు. ఈ పని మొదలుపెట్టబోయే ప్రతి చిన్న వ్యాపారికీ నేను చెప్పేది ఇదే. ప్రతి అకౌంట్ వ్యాపారం మెయిల్ మీద మీరే తెరవండి, కార్డు మీదే పెట్టండి, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. కన్సల్టెంట్‌కి పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, ఇలాంటి సర్వీసుల్లో చాలావాటిలో ఇంకొకరిని యూజర్‌గా చేర్చుకునే వీలుంటుంది, చేర్చుకోండి, పని అయ్యాక తీసేయండి. ఒకవేళ ఆ వీలుకి ఎక్కువ డబ్బు అడిగితే అదీ కట్టండి. ఏఐ కీ మీ అకౌంట్‌లోంచే తీయాలి, దానికి నెలకి ఇంత దాటకూడదని పరిమితి పెట్టే వీలుంటే మొదటి రోజే పెట్టాలి. తప్పు జరిగితే, ఆగిపోతే, హెచ్చరిక కనీసం ఇద్దరికి వెళ్ళాలి, అందులో ఒకరు మీరై ఉండాలి. ‘అవన్నీ నేను చూసుకుంటాను సార్, మీకెందుకు శ్రమ’ అని ఎవరైనా అంటే ఎంత ప్రేమగా అన్నా ఒప్పుకోకండి.

రెండోసారి మనిషిని వెతికేటప్పుడు వచ్చినవాళ్ళని ఒకటే అడిగాను, మా పనుల్లో ఏఐ అక్కర్లేనిది ఏది అని. ఇద్దరు అన్నీ ఏఐతోనే చేసేద్దామన్నారు. మూడో ఆవిడ, ముందు మీ పని చూడనివ్వండి, తర్వాత చెప్తాను అన్నారు. రెండు రోజులు మా లెక్కలు చూసే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రోజుకి ఎన్ని మెసేజ్‌లు వస్తున్నాయి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పడుతోంది, ఎన్నింటికి తిరిగి ఫోన్ చేసి అడగాల్సి వస్తోంది, అన్నీ పుస్తకంలో రాసుకున్నారు. ఆ చూసినందుకు విడిగా ఫీజు తీసుకున్నారు, ఇవ్వడం నాకు సబబుగానే అనిపించింది, ఎందుకంటే ఆ రెండు రోజుల తర్వాత ఇద్దరం వద్దనుకుని విడిపోయినా ఆ కాగితాలు మాకు మిగిలేవి.

ఆ కొత్త కన్సల్టెంట్ తేల్చిందేమిటంటే మేము చెప్పిన ఐదు పనుల్లో మూడింటికి ఏఐ అవసరమే లేదు. పాత కస్టమర్లు మళ్ళీ ఆర్డర్ పెట్టుకోవడానికి ఒక చిన్న ఫారం చాలు, అందులో వాళ్ళు ఇంతకుముందు తీసుకున్నవి కనబడతాయి, టిక్ పెడితే అయిపోతుంది. బిల్లు పంపడం మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న సదుపాయం, మేమే ఎప్పుడూ వాడలేదు. స్టాక్ తగ్గితే చెప్పడానికి షీట్‌లో ఒక ఫార్ములా సరిపోతుంది. ఒకే లెక్కకి ఎప్పుడూ ఒకే జవాబు రావాల్సినచోట ఊహించి రాసే యంత్రాన్ని పెట్టకూడదని ఆవిడ చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ఏఐకి మిగిలినవి రెండే: చిందరవందరగా వచ్చే మెసేజ్‌ని చదివి ఏం అడుగుతున్నారో విడదీయడం, జవాబుకి చిత్తుప్రతి రాయడం.

దాన్ని కూడా నేరుగా కస్టమర్ల మీద వదల్లేదు. పాత మెసేజ్‌లు 200 తీసి దానికి ఇచ్చాం. అవే మెసేజ్‌లకి మా లెక్కలు చూసే ఆవిడ అప్పట్లో ఏ పార్టు రాసిందో మా దగ్గర ఉంది కదా, రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. టైపు చేసిన మెసేజ్‌లలో తప్పులు తక్కువ. ఫొటోలలో, రెండు మూడు భాషలు కలిపి గబగబా మాట్లాడిన వాయిస్ మెసేజ్‌లలో బాగా తప్పింది. దాంతో ఫొటో ఉంటే నేరుగా మనిషికే అని నియమం పెట్టాం. డెమో చూసి డబ్బులిచ్చే ముందు మీ పాత మెసేజ్‌లతో ఈ ఒక్క పరీక్ష చేయించండి, వాళ్ళ ఉదాహరణలతో కాదు, మీవాటితో. కస్టమర్ల పేర్లు, నంబర్లు తీసేసి ఇవ్వండి.

జవాబుల విషయంలో ఇంకో మాట. ఏఐ రాసింది మా మనిషి చదివి, నొక్కితేనే వెళ్తుంది. ఇది అతి జాగ్రత్త అని మావాళ్ళే కొందరన్నారు. ఎయిర్ కెనడా అనే విమానయాన సంస్థ విషయంలో ఏం జరిగిందో చూడండి. 2022లో ఒకాయన బామ్మ చనిపోతే ప్రయాణం కోసం ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ని, అంటే ప్రశ్నలకి జవాబిచ్చే ప్రోగ్రాంని, అడిగాడు, ముందు టికెట్ కొనేసి తర్వాత ఇంట్లో చావు జరిగినవాళ్ళకిచ్చే రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని అది చెప్పింది. సంస్థ నిబంధన అలా లేదు, రాయితీ ఇవ్వలేదు. విషయం ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. చాట్‌బాట్ మాటలకి చాట్‌బాటే బాధ్యురాలన్నట్టుగా సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనని కొట్టేసింది, వెబ్‌సైట్‌లో ఉన్నదానికంతా సంస్థదే బాధ్యత అని చెప్పి అతనికి డబ్బు ఇప్పించింది. అంత పెద్ద విమానయాన సంస్థ తట్టుకుంటుంది. నేను ఒక్క తప్పు రేటుకి కట్టుబడాల్సి వస్తే ఆ నెల జీతాలకి ఇబ్బంది పడతాను.

ఖర్చు గురించి కన్సల్టెంట్లు తమ ఫీజు చెప్తారు, తర్వాత నెలనెలా అయ్యేది సరిగ్గా చెప్పరు. ఆటోమేషన్ సర్వీసులు లెక్కపెట్టే పద్ధతులు ఒకటి కాదు. జాపియర్‌లో పూర్తయిన ఒక్కో చర్యని లెక్కపెడతారు, మేక్‌లో కూడా దాదాపు అడుగడుక్కీ లెక్కే, ఎన్8ఎన్‌లో మొత్తం వరస ఒకసారి నడిస్తే ఒకటి. అందువల్ల ఒక మెసేజ్‌కి పది అడుగులు పెట్టి కట్టిన పని ఒకచోట చవక, ఇంకోచోట భారం. పైగా ఏఐకి టోకెన్ల లెక్కన విడిగా కట్టాలి. టోకెన్ అంటే మోడల్ చదివే అక్షరాల ముక్క. తెలుగులో రాసే కస్టమర్లు ఉంటే ఇది మరీ గమనించాలి. 2024 మే నెలలో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ఓ అనే మోడల్‌ని విడుదల చేస్తూ ఒకే విషయం వేర్వేరు భాషల్లో ఎన్ని టోకెన్లు పడుతుందో చూపించింది. అంతకుముందు తెలుగులో 159 పట్టేది 45కి దిగింది, ఇంగ్లీషులో 27 నుంచి 24కి. అంటే తేడా బాగా తగ్గింది కానీ పోలేదు, పాత మోడల్ మీద కట్టిన పనైతే ఇంకా ఎక్కువే పడుతుంది. మీ కన్సల్టెంట్‌ని ఏ మోడల్ వాడుతున్నారు, ఎందుకు అదే, అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే అర్థమైపోతుంది.

ఆ మోడళ్ళు కూడా శాశ్వతంగా ఉండవు. చాలామంది తమ పనుల్లో వాడుకున్న టెక్స్ట్-డావిన్సీ-003 అనే మోడల్‌ని ఓపెన్‌ఏఐ 2024 జనవరి 4న ఆపేసింది. ముందే చెప్పి ఆపింది, కానీ ఆ చెప్పడం ఎవరి మెయిల్‌కి వెళ్ళిందన్నదే కదా ప్రశ్న. మోడల్ మారితే జవాబుల తీరు మారుతుంది, అప్పుడు ఆ 200 మెసేజ్‌ల పరీక్ష మళ్ళీ చేయాలి. ఎవరు చేస్తారు, దానికి ఎంత తీసుకుంటారు, ఒప్పందంలో రాసుకోవాలి. ఎలా కట్టారో మామూలు భాషలో రాసిన కాగితం ఇస్తేనే చివరి వాయిదా అని కూడా రాసుకోవాలి. మేము అలాగే రాసుకున్నాం.

ఒక ప్రమాదం గురించి మొదటి కన్సల్టెంట్ మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. బయటి నుంచి వచ్చే మెసేజ్‌లోనే ఎవరైనా ‘ఇంతవరకూ చెప్పినవన్నీ వదిలేసి నేను చెప్పింది చెయ్యి’ అని రాసి పంపితే ఏఐ దాన్ని కూడా ఆదేశంగా తీసుకునే అవకాశం ఉంది. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, దీనికి పూర్తి మందు ఇంతవరకూ లేదు. కాబట్టి మెసేజ్‌లు చదివే ఏఐ చేతికి బ్యాంకు, రేట్ల పట్టిక మార్చే అధికారం, కస్టమర్ల జాబితా మొత్తం పంపగలిగే వీలు ఇవ్వకూడదు. చదవడం, చిత్తు రాయడం, అంతవరకే.

స్టాఫ్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. మొదటిసారి కన్సల్టెంట్ వచ్చినప్పుడు నేను మావాళ్ళకి ఏమీ చెప్పలేదు. వాళ్ళు భయపడ్డారు. అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి ఊరుకున్నారు, ఎవరైనా అంతే చేస్తారు, తన ఉద్యోగం తీసేయడానికి వచ్చాడేమో అనుకున్నవాడికి పని గుట్టు ఎందుకు చెప్తారు? రెండోసారి అందర్నీ కూర్చోబెట్టి, దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఇది నా మాట అని చెప్పాను. అప్పుడు బయటికొచ్చింది అసలు సమాచారం. మనుషులు లేకుండా నడవదనడానికి ఒక ఉదాహరణ చెప్తాను. క్లార్నా అనే స్వీడన్ చెల్లింపుల సంస్థ తమ ఏఐ సహాయకుడు 700 మంది చేసే పని చేస్తోందని 2024లో ప్రకటించింది, మరుసటి ఏడాది ఆ సంస్థ అధిపతే సేవల నాణ్యత తగ్గిందని ఒప్పుకుని కస్టమర్లతో మాట్లాడటానికి మళ్ళీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా దగ్గర ఏఐ రాసిన చిత్తుప్రతులు దిద్దేది మా లెక్కలు చూసే ఆవిడే. తప్పు కనబడినప్పుడల్లా ఒక పుస్తకంలో రాస్తారు, నెలకోసారి కన్సల్టెంట్ వచ్చి ఆ పుస్తకం చూసి మార్పులు చేసి వెళ్తారు. ఇన్నాళ్ళూ తలలో ఉన్నదంతా మెల్లగా కాగితం మీదకి వస్తోంది, దానికి తగ్గట్టు ఆవిడ జీతం పెంచాం. సాయంత్రానికి చూడని మెసేజ్‌లు మిగలడం లేదు.

సంపాదకులకి నా విన్నపం ఒకటే. ఏఐతో ఎదిగిన వ్యాపారాల కథలు వేస్తున్నారు, వేయండి. ఇలా దెబ్బతిన్నవాళ్ళ అనుభవాలకి కూడా వారానికి కొంచెం చోటివ్వండి. బయటికి చెప్పుకోవడానికి మాలాంటి వాళ్ళు సిగ్గుపడతారు, పేర్లు లేకుండా అడిగితే రాస్తారు. రెండో కన్సల్టెంట్‌తో మేము రాసుకున్న ఒప్పందం నాలుగు పేజీలుంది, ఆవిడ అనుమతి తీసుకుని, పేర్లు, మొత్తాలు తీసేసి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. వీలుంటే అదీ అచ్చువేయండి, ఈ నెలలో ఎవరో ఒకరు డెమో చూసి సంతకం పెట్టబోతూ ఉంటారు.

ఇట్లు,
విడిభాగాల వ్యాపారం చేసే ఒక పాఠకుడు